ట్యాబా, ల్యాప్‌టాపా? ముందు ఫోన్ సంగతి తేల్చండి

ఇంటికి కొత్తగా ఒక పరికరం కొనాలని బయల్దేరినవాళ్లు ముప్పై, నలభై వేల రూపాయల దగ్గర ఆగిపోతారు. ఆ ధరకు మంచి ట్యాబూ వస్తుంది, పనికొచ్చే ల్యాప్‌టాపూ వస్తుంది. దుకాణంలో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మనసు ట్యాబ్ మీదకే పోతుంది. పలచగా ఉంటుంది, తెర మెరుస్తుంది, వేలు తగిలితే చాలు పలుకుతుంది. దాని పక్కన ల్యాప్‌టాప్ మోటుగా కనిపిస్తుంది. కానీ ఇలా రెండింటినే పోల్చడంలో ఒక పొరపాటు ఉంది. కొనేవాళ్ల జేబులో అప్పటికే మూడోది ఒకటి ఉంది, అదే స్మార్ట్‌ఫోన్. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఏది మేలో చెప్పడం కుదరదు. కొత్తగా తెచ్చే వస్తువు ఫోన్ చేయలేని పని ఏం చేస్తుంది అని అడగాలి. అలా అడిగితే, పెద్ద చదువులు చదివేవాళ్లు, ఉద్యోగమో వ్యాపారమో చేసేవాళ్లు ఉన్న ఇంటికి ఒక్కటే కొనగలిగే స్తోమత ఉంటే ల్యాప్‌టాపే కొనాలని తేలుతుంది. ట్యాబ్‌కు చోటు లేదని కాదు, ఉంది. ఆ చోటు ప్రకటనలు చెప్పేంత పెద్దది కాదు.

మన ఇళ్లలో ఏముందో సర్వేలు చెబుతున్నాయి. 2017-18లో జరిగిన 75వ జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 10.7 శాతం. పల్లెల్లోనైతే 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. ట్యాబ్‌ను కూడా కంప్యూటర్ కింద జమకడితే వచ్చిన లెక్క ఇది. అదే 2025 ఆరంభంలో కేంద్ర గణాంక శాఖ జరిపిన టెలికాం సర్వేలో, కనీసం ఒక స్మార్ట్‌ఫోన్ ఉన్న కుటుంబాలు సుమారు 85 శాతమని తేలింది. అంటే మనదేశంలో చాలా కుటుంబాలకు ఫోనే మొదటి కంప్యూటర్. ఈరోజు దుకాణానికి వెళ్లేవాళ్లు కొనేది దాని తర్వాత వచ్చే రెండోది. మొదటిది చేసే పనినే కాస్త పెద్ద తెర మీద చేయడానికి అన్ని వేలు పోయాలా అన్నది ఆలోచించాల్సిన విషయం.

ట్యాబ్ పుట్టుక చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ మొదటి ఐప్యాడ్‌ను లోకానికి చూపిస్తూ, ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య మూడో రకం పరికరానికి చోటుందా అని తానే ప్రశ్న వేశారు. వెబ్ చూడటం, ఈమెయిల్, ఫొటోలు, వీడియోలు, పాటలు, ఆటలు, ఈ-పుస్తకాలు. ఈ పనుల్ని ఆ రెండింటికన్నా బాగా చేస్తేనే దానికి చోటుందని చెప్పి, వేదిక మీద మెత్తటి కుర్చీలో ఒరిగి కూర్చుని అవన్నీ చేసి చూపించారు. ఆ జాబితాలో ఈమెయిల్ తప్ప మిగతావన్నీ చూడటం, వినడం, చదవడం, ఆడటమే. అప్పట్లో ఆ వాదన సరైనదే. ఆనాటి ఐఫోన్ తెర మూడున్నర అంగుళాలు, ఐప్యాడ్‌ది 9.7 అంగుళాలు. ఆ తర్వాత ఫోన్లు పెరిగి పెరిగి ఆరున్నర అంగుళాలు దాటాయి. మధ్యలో ఉన్న ఖాళీ జాగాను ఫోనే చాలావరకు ఆక్రమించింది. బిల్లులు కట్టడం, టికెట్లు తీయడం, ధ్రువపత్రాలు దాచుకోవడం ఫోన్‌లోనే అయిపోతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన ‘మన మిత్ర’తో ప్రభుత్వ సేవలు కూడా వాట్సాప్‌లోకి వచ్చాయి. ఈ పనులకు ట్యాబ్ అదనంగా ఇచ్చేది తెర వైశాల్యం ఒక్కటే.

ప్రభుత్వాలు పిల్లలకు ఇచ్చిన పరికరాలు చూసినా కొంత తెలుస్తుంది. 2011 అక్టోబర్‌లో కేంద్రం ఆకాశ్ అనే చవక ట్యాబ్‌ను విడుదల చేసింది. దాన్ని కూర్చింది మన హైదరాబాద్‌లోనే. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, ప్రభుత్వానికి పడిన ధర ఒక్కోటి 2,250 రూపాయల చిల్లర. దేశమంతా ఎదురుచూసిన ఆ ట్యాబ్ తెర గట్టిగా నొక్కితే గానీ పలికేది కాదు, పని కూడా నత్తనడకే. ధర ఒక్కటే చూసి చేసిన వస్తువు చదువుకు అక్కరకు రాదని అప్పుడే తేలింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం ఉన్నత తరగతులవాళ్లకు, కాలేజీ విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. పథకాల మంచిచెడ్డలు అలా ఉంచి, ఎవరికి ఏది ఇచ్చారో గమనించండి. పదమూడేళ్ల పిల్లవాడికి ముందే నింపిన వీడియో పాఠం చూడటం ప్రధానం కాబట్టి అతనికి ట్యాబ్. ప్రాజెక్టు రిపోర్టు రాయాల్సిన, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాల్సిన వయసుకు ల్యాప్‌టాప్. పాఠం వినే దశ దాటి, సొంతంగా ఏదైనా తయారుచేసే దశకు రాగానే పరికరమూ మారాలి.

ఆ తయారీ ఎలా ఉంటుందో ఒక చిన్న పనిలో చూద్దాం. బ్యాంకు ఉద్యోగాల కోసం ఐబీపీఎస్‌కు దరఖాస్తు పెట్టే అభ్యర్థి ఫొటో 20 నుంచి 50 కేబీల మధ్య, సంతకం 10 నుంచి 20 కేబీల మధ్య ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఆ ఫొటోను పెయింట్‌లో తెరిచి కొలతలు తగ్గించి సేవ్ చేస్తే, ఫోల్డర్‌లో పేరు పక్కనే ఎన్ని కేబీలో కనిపిస్తుంది. ఎక్కువైతే ఇంకోసారి తగ్గిస్తారు. ఒక పక్క దరఖాస్తు, ఇంకో పక్క ఫోల్డర్ తెరిచి ఉంచుకుని పని ముగిస్తారు. ట్యాబ్‌లో ఇది అసాధ్యమేమీ కాదు. కాకపోతే ఫొటో సైజు తగ్గించే యాప్ ఒకటి వెతికి దించుకోవాలి, అది చూపించే ప్రకటనలు భరించాలి, తగ్గించిన ఫొటోను ఏ ఫోల్డర్‌లో పడేసిందో వెతుక్కోవాలి. ఈలోగా బ్రౌజర్‌కు తిరిగి వస్తే పేజీ మళ్లీ మొదటినుంచి లోడై, నింపిన వివరాలు ఎగిరిపోనూ వచ్చు. చివరికి చాలామంది నెట్ సెంటర్‌కే వెళ్తారు. ఇంట్లో పరికరం పెట్టుకుని కూడా నెట్ సెంటర్‌కు వెళ్లాల్సి వస్తే దాన్ని కొన్న ప్రయోజనం సగం పోయినట్టే.

జీవనోపాధి పనుల్లోకి వెళ్తే తేడా మరీ పెరుగుతుంది. దుకాణాల లెక్కలు రాసే ట్యాలీ విండోస్ కంప్యూటర్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. కంపెనీలు జీఎస్టీ రిటర్నులపై డిజిటల్ సంతకం చేయాలంటే యూఎస్‌బీ టోకెన్‌ను కంప్యూటర్‌కు గుచ్చి, దానికి తగిన సాఫ్ట్‌వేర్ నడపాలి. తెలుగు డీటీపీ సెంటర్లలో శుభలేఖలు, కరపత్రాలు నేటికీ చాలావరకు అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీదే తయారవుతున్నాయి. ఇంజినీరింగ్ విద్యార్థికి కావలసిన ఆటోక్యాడ్ పూర్తి రూపం, ప్రోగ్రాములు రాసి నడిపించే పనిముట్లు ట్యాబ్‌లో దొరకవు, దొరికినా కుదించిన రూపంలోనే దొరుకుతాయి. ఇంకా మామూలు పని, తెలుగులో నాలుగు పేజీలు రాయడమే తీసుకోండి. గొంతుతో చెబితే ట్యాబ్ రాసిపెడుతుంది, బాగానే రాస్తుంది. కానీ రాత పని దిద్దుబాటులోనే ఉంటుంది. వాక్యం మధ్యలో ఒక ఒత్తు తప్పు పడితే వేలితో కర్సర్‌ను సరిగ్గా అక్కడ నిలపడమే ఒక ప్రయాస. కీబోర్డు మీద బాణం గుర్తులతో అది క్షణంలో అయిపోతుంది.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, ట్యాబ్‌కు కీబోర్డు తగిలిస్తే సరిపోదా అని. ముందు డబ్బు లెక్క చూడండి. 2025 మార్చిలో వచ్చిన ఐప్యాడ్ ప్రారంభ ధర 34,900 రూపాయలు. దానికి ఆపిల్ అమ్మే మ్యాజిక్ కీబోర్డ్ ఫోలియో 24,900. రెండూ కలిస్తే 60 వేలకు రెండువందలే తక్కువ. ఆ డబ్బుకు మంచి విండోస్ ల్యాప్‌టాప్ వస్తుంది. వేరే కంపెనీల చవక కీబోర్డులు ఉన్నాయి గానీ, ఒడిలో పెట్టుకుంటే అవి నిలవవు, బల్ల కావాల్సిందే. డబ్బు సంగతి పక్కన పెట్టినా, లోపం కీబోర్డులో లేదు. 2021లో ఐప్యాడ్ ప్రోలో ఆపిల్ వాడిన ఎం1 చిప్, అంతకు కొన్ని నెలల ముందు తన ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో వాడిందే. ఇంజిన్ ఒక్కటే అయినా రెండూ చేసే పనులు వేరు, ఎందుకంటే ఏ ప్రోగ్రామ్ నడవాలి, ఏ ఫైలు ఎవరు తెరవాలి అన్నది నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. ఆ సిస్టమ్ పెట్టే హద్దులు కొంత తగ్గుతున్న మాట నిజమే. 2025లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26లో యాప్ విండోలను కావలసిన సైజులో పక్కపక్కన పరుచుకోవచ్చు. శాంసంగ్ ట్యాబుల్లో డెక్స్ అలాంటి ఏర్పాటే. అయితే ట్యాబ్ ల్యాప్‌టాప్‌లా మారే కొద్దీ మెరుగవుతోందని తయారీదారులే ఒప్పుకుంటున్నప్పుడు, ఆ పనులు కావలసినవాళ్లు నేరుగా ల్యాప్‌టాపే కొనుక్కోవడం మేలు.

మరి ట్యాబ్ ఎవరికి? మొదట పెద్దవాళ్లకు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లలతో వీడియో కాల్, భక్తి ప్రవచనాలు, పెద్ద అక్షరాల్లో పేపరు. ఇవి కావలసిన అమ్మానాన్నలకు ల్యాప్‌టాప్ అనవసరపు బరువు. ఫోన్‌లో అక్షరం ఆనదు. సిమ్ వేసుకునే ట్యాబ్ అయితే వైఫై గొడవ కూడా ఉండదు. ట్యాబ్‌లో వైరస్ భయం తక్కువన్నది నిజమే, ఒక్కో యాప్‌ను దాని గదిలోనే కట్టడి చేసే పద్ధతి దానికి కారణం. కాకపోతే చలానా అనో, ప్రభుత్వ పథకం అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (యాప్) ఫైలును నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే ఆ రక్షణ నిలవదు. ట్యాబ్ కొనిచ్చే పిల్లలు ఆ ఒక్క జాగ్రత్త అమ్మానాన్నలకు చెప్పి తీరాలి.

రెండో వర్గం, చేత్తో రాసేవాళ్లు, గీసేవాళ్లు. గణితం, రసాయన శాస్త్రం, వైద్యం చదివేవాళ్లకు, ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే టీచర్లకు, బొమ్మలు వేసేవాళ్లకు పెన్నుతో కూడిన ట్యాబ్ చేసే పని మామూలు ల్యాప్‌టాప్ చేయలేదు. సమాకలనం గుర్తును, బెంజీన్ వలయాన్ని కీబోర్డుతో కొట్టడం నరకం. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు, ల్యాప్‌టాప్‌లో పాఠం టైప్ చేసుకున్నవాళ్లకన్నా చేత్తో రాసుకున్నవాళ్లు భావాలకు సంబంధించిన ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారని చెప్పారు. ట్యాబ్ అభిమానులు దీన్ని తరచూ ఉదహరిస్తారు. 2019లో వేరేవాళ్లు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు అంత తేడా కనిపించలేదు. పైగా అసలు ప్రయోగంలో వాడింది కాగితం, కలమే. చేత్తో రాయడమే మేలనుకుంటే నోటుపుస్తకం యాభై రూపాయలకు వస్తుంది. కాబట్టి నోట్సు కోసమే ట్యాబ్ కొనడం కన్నా, సమీకరణాలూ బొమ్మలూ రోజూ గీసే అవసరం ఉంటేనే కొనడం న్యాయం.

బరువు, మన్నిక సంగతి కూడా చూడాలి. ల్యాప్‌టాప్ బరువన్నది ఒప్పుకోవాల్సిందే. పైన ధర చెప్పుకున్న 2025 ఐప్యాడ్ అర కిలో కూడా లేదు, మామూలు 15 అంగుళాల ల్యాప్‌టాప్ కిలోన్నర దాటుతుంది. చార్జింగ్ కూడా ట్యాబ్‌కే ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ నాలుగేళ్ల తర్వాత కథ తిరగబడుతుంది. చాలా ల్యాప్‌టాపుల్లో ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు, కొన్నింటిలో ర్యామ్ పెంచుకోవచ్చు, బ్యాటరీ, కీబోర్డు వేయించుకోవచ్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఊళ్లో రిపేరు షాపులోనో ఆ పని అవుతుంది. ట్యాబ్ లోపలంతా జిగురుతో అతికించి ఉంటుంది, తెర పగిలితే చవక రకాలకు రిపేరు ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరపడుతుంది. పైగా చవక ఆండ్రాయిడ్ ట్యాబులకు భద్రతా అప్‌డేట్లు త్వరగా ఆగిపోతాయి. ల్యాప్‌టాపులకూ గడువు ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు విండోస్ 11 ఎక్కుతుందో లేదో అడగాలి. ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం, ఆపైది కావాలి.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లు కనీసం 8 జీబీ ర్యామ్, వీలైతే 16 తీసుకోండి. నిల్వకు ఎస్ఎస్‌డీ తప్పనిసరి, దానికన్నా నెమ్మదైన ఈఎంఎంసీ అని రాసి ఉంటే వదిలేయండి. ట్యాబ్ కొనేవాళ్లు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో రాతపూర్వకంగా చూసుకోండి, పెన్ను ధర కలుపుకుని లెక్కేయండి. అన్నిటికన్నా ముందు ఒక వారం పాటు ఫోన్‌తో కాక ఆగిపోయిన పనులన్నీ కాగితం మీద రాయండి. అందులో టైపింగ్, ఫైళ్లు, లెక్కలు, దరఖాస్తులు ఎక్కువుంటే ల్యాప్‌టాప్. కళ్లకు ఆనకపోవడం, గీయలేకపోవడం ఎక్కువుంటే ట్యాబ్. ఆ కాగితం ఖాళీగా ఉంటే ఇప్పటికి ఏదీ కొనకండి.