కీరవాణిలోకి వచ్చిన పరాయి స్వరం

మీలో సంగీతం నేర్చుకునేవారికి కీరవాణి రాగం తెలిసే ఉంటుంది. అందులోని స్వరాల వరుసనే పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అంటారు. మనం ఆ స్వరాలను ఒకదాని తర్వాత ఒకటిగా పాడతాం. వాళ్ళు మూడు నాలుగు స్వరాలను ఒక్కసారే మోగిస్తారు. ఆ గుంపు పేరు కార్డ్. అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతంలో కార్డుల వరుస ముందే తెలిసి ఉంటుంది. దానిమీద వాద్యకారుడు అప్పటికప్పుడు కొత్త వరుసలు అల్లుతాడు, కొంతవరకు మన కల్పనస్వరాల మాదిరిగా.

హార్మోనియం దొరికితే ఈ ప్రయోగం చేయండి. తిత్తి ఊదడానికి ఒక స్నేహితుణ్ణి పిలవండి, లేకపోతే చేతులు చాలవు! రెండు శ్రుతి మెట్టును షడ్జమం అనుకోండి. మంద్ర పంచమం, కాకలి నిషాదం, చతుశ్రుతి రిషభం, శుద్ధ మధ్యమం కలిపి నొక్కండి. ఏదో వెలితిగా ఉందా? ఇప్పుడు స, సాధారణ గ, ప నొక్కండి. ఇంటికి చేరినట్టు లేదూ?

ఆ వెలితికి ముఖ్య కారణం ని, మ అనే జంట. పియానో శ్రుతిలో మంద్ర నికి సెకనుకు సుమారు 277 కంపనాలు, మకు 392. భాగించి చూడండి: దాదాపు 1.414, అంటే 2 వర్గమూలం. ఇప్పుడు నిని పై స్థాయికి తీసుకువెళ్ళండి, 554 అవుతుంది. దాన్ని 392తో భాగించండి. మళ్ళీ 1.414! జంట తలకిందులైనా ఎడం మారలేదు.

కాబట్టి అదే జంట ఇంకో కార్డులోనూ ఇముడుతుంది: శుద్ధ రిషభం, మ, శుద్ధ ధైవతం, ని. మొదటి కార్డు బదులు దీన్ని వాయించినా చెవి షడ్జమం కోసమే ఎదురుచూస్తుంది. దీన్నే ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్ అంటారు. మేజర్ వరుసలోనైతే ఈ కార్డులో రెండు స్వరాలు పరాయివి. కీరవాణిలో శుద్ధ ధైవతం మన ఇంటిదే, అందువల్ల శుద్ధ రిషభం ఒక్కటే పరాయిది. అదీ షడ్జమానికి ఆనుకున్న మెట్టే, కిందికి జారితే చాలు.

అల్లేవాడు మాత్రం ఏమరకూడదు. పియానో శుద్ధ రిషభానికి మారిందని చెవితో పట్టకుండా చతుశ్రుతి రిషభం మీద నిలబడ్డాడా, రెండు రిషభాలూ ఢీకొంటాయి.

ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ 1940ల తొలి ఏళ్ళలో కూర్చిన 'ఎ నైట్ ఇన్ ట్యునీషియా' వినండి. షడ్జమం మనం తీసుకున్న రెండు శ్రుతే. మొదటి ఎనిమిది బార్లలో బదులు కార్డు మూడుసార్లు వచ్చి షడ్జమం మీద వాలుతుంది. అసలు కార్డు ఏడో బారులో గాని రాదు.