గ్రంథాలయానికి రాని పాఠకులు: గోదావరి ఏజెన్సీ ఉదాహరణ

గ్రంథాలయం తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. అయినా కొందరు లోపలికి రారు. వారికి చదువు మీద ఆసక్తి లేదని తేలిగ్గా అనేస్తాం. పాఠకునికి తగిన పుస్తకం అందించడం గ్రంథాలయం బాధ్యతేనని రంగనాథన్ 1931లో ప్రకటించిన రెండవ సూత్రం చెబుతుంది. కాబట్టి లోపాన్ని ముందుగా సేవలో వెతకాలి.

అమెరికాలో స్పానిష్ మాట్లాడే లాటినో ప్రజల కోసం 1971లో 'రిఫార్మా' అనే సంఘం ఏర్పడింది. వారి భాషలో పుస్తకాలు, ఆ భాష తెలిసిన సిబ్బంది, వారి అవసరాలకు తగిన కార్యక్రమాలు దాని ముఖ్య లక్ష్యాలు. ఈ మూడింటినీ మన ప్రాంతానికి అన్వయించి చూద్దాం.

రాజమహేంద్రవరంలో ప్రసిద్ధమైన గౌతమీ గ్రంథాలయం ఉంది. ఎగువన రంపచోడవరం, చింతూరు వైపు కొండల్లో కొండరెడ్లు, కోయలు నివసిస్తున్నారు. కోయ భాష గోండీకి దగ్గరిది. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే కాని, పుస్తకాల తెలుగు కాదు. అంటే ఇరువురి అవసరాలూ ఒకటి కావు. సేవకు ముందు సముదాయ అధ్యయనం అవసరమనేది ఇందుకే.

పోలవరం ప్రాజెక్టు వల్ల ఊరు విడిచి పునరావాస కాలనీకి చేరిన కుటుంబాన్ని ఊహించండి. 2006 అటవీ హక్కుల చట్టం, 2013 భూసేకరణ చట్టం తమకు ఏమిస్తాయో వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పేవారు కావాలి. ఆ సమాచారం అందకపోతే పోయేది పుస్తకం కాదు, హక్కు.

ఇక్కడ చేయదగిన పనులు:

1. సిబ్బంది: కోయ భాష తెలిసిన స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి నియమించాలి. దరఖాస్తు చదివి వివరించడం కూడా సమాచార సేవే.

2. సేకరణ: 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో తెలుగు లిపిలో కోయ వాచకాలు తయారయ్యాయి. అటువంటివి శాఖా గ్రంథాలయాల్లోనూ ఉండాలి. పెద్దలు చెప్పే కథలను, పాటలను వారి అనుమతితో రికార్డు చేసి భద్రపరచాలి.

3. చేరువ: 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి పడవ గ్రంథాలయం నడిపి, కాలువ వెంట ఊళ్ళకు పుస్తకాలు చేర్చారు. ఏజెన్సీలో ఆ పని వారపు సంత రోజున ఒక వాహనం చేయగలదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: మీకు దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి వెళ్ళండి. అక్కడ ఎవరు కనిపించడం లేదో గమనించండి. వారిలో ఒకరితో మాట్లాడి, కారణాలను పది వాక్యాల్లో రాయండి.