పంచదార చిలక నుంచి చాక్లెట్ శిల్పం దాకా

గోదావరి వైనతేయ పాయ సముద్రంలో కలిసే ఓడలరేవులో చాక్లెట్ శిల్పం మాటెత్తితే విడ్డూరంగానే ఉంటుంది. ఆ ఉక్కపోతకు, ఉప్పుగాలికి జేబులోని చాక్లెట్ ముక్కే నిలవదు. కానీ రేవు నుంచి నాలుగడుగులు లోపలికి వెళ్తే కోనసీమ కొబ్బరితోటలు మొదలవుతాయి. ఆ నీడన కోకో అంతరపంటగా పెరుగుతుంది, మానుకే పూసి మానుకే కాస్తుంది. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. గింజ మనదే అయినా, దానితో చేసే పనితనం మాత్రం పరాయిదనుకుంటున్నాం. అది మన చేతికి అందని విద్య కాదు. దాన్ని నేర్పే చోటు కోనసీమలోనే ఉండాలి.

మన వాతావరణానికి ఇది కుదరదనేవారికి పుదుచ్చేరి జవాబు చెప్పింది. అదీ సముద్రపు ఒడ్డునున్న ఊరే, ఉక్కపోత ఊరే. 2020 సెప్టెంబరు 25న గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కన్నుమూశాక, ఆ ఏడాది చివర అక్కడి జుకా చాక్లెట్ దుకాణం ఆయన నిలువెత్తు విగ్రహాన్ని చాక్లెట్‌తో నిలబెట్టింది. ఎత్తు 5.8 అడుగులు, బరువు 339 కిలోలు, పట్టిన సమయం 161 గంటలు. బయటి ఎండ ఎంతున్నా గది చల్లగా, తేమ లేకుండా ఉంటే చాలని ఆ విగ్రహం రుజువు చేసింది.

ఇక పనితనం సంగతి. చాక్లెట్ శిల్పానికి ఉలి కన్నా ముందు కావలసింది వేడిని కనిపెట్టే నేర్పు. చాక్లెట్‌లోని కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా పేరుకోగలదు. వాటిలో ఐదో రకమే మెరుపును, పటుక్కున విరిగే గట్టిదనాన్ని ఇస్తుంది. దాన్ని రప్పించడానికి డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగిస్తారు. కలుపుతూ 27, 28కి దించి, మళ్లీ 31, 32కి తెస్తారు. దీన్నే టెంపరింగ్ అంటారు. ఇది సరిగ్గా కుదిరితే చాక్లెట్ ఆరుతూ కొద్దిగా ముడుచుకుని అచ్చును తనంతట వదిలేస్తుంది. గతి తప్పితే పైన తెల్లని పొర కమ్ముతుంది. కరిగినదాంట్లో నాలుగు నీటిచుక్కలు పడినా ముద్దకడుతుంది. రెండు భాగాలను కలపాలంటే అంచులను వేడిపలకకు తాకించి, కరిగీ కరగకముందే ఒకదానికొకటి ఆనిస్తే సరి, ఆ చాక్లెటే జిగురవుతుంది.

ఇదంతా వింటే మన మిఠాయి మాస్టర్లకు పంచదార చిలకలు గుర్తురాక మానవు. పాకం ఏ క్షణాన దించాలో చూపుతోనే పోల్చుకుని, జతకట్టిన చెక్క అచ్చుల్లో పోసి, ఆరాక తాడు విప్పి చిలకను బయటికి తీస్తారు. పెళ్లి సారెలో తీపిబొమ్మను అలంకారంగా పెట్టే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. పంచదారకూ కోకో వెన్నకూ గుణం వేరే, కానీ వేడిని గమనించే కన్ను ఒక్కటే.

తినే వస్తువును బొమ్మ చేసి పాడుచేయడం తప్పు కాదా అనేవారి బాధ న్యాయమైనదే. వందల కిలోల విగ్రహం రోజుల తరబడి ప్రదర్శనలో ఉంటే తినడానికి పనికిరాదు. అందుకే నేను అడిగేది భారీ విగ్రహాలను కాదు, పెళ్లికీ పండగకీ కొనుక్కుని, చూసి మురిసి, పంచుకు తినే చిన్న బొమ్మలను. దీనివల్ల రైతుకు ఒరిగేదేమిటన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2024లో అంతర్జాతీయ మార్కెట్లో టన్ను కోకో ధర 10,000 డాలర్లు దాటింది, ఆ తర్వాత పడిపోయింది. ఎండిన గింజ అమ్ముకునేవాడికి ఆ ఎగుడుదిగుళ్ల మీద ఏ పట్టూ లేదు. అదే ఆత్రేయపురం పూతరేకును చూడండి. బియ్యప్పిండి, నెయ్యి, తీపి ఎక్కడైనా దొరికేవే. వేడి కుండ మీద రేకు తీసే చేతులే దానికి విలువ తెచ్చాయి, 2023లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. చాక్లెట్ బొమ్మ ఒక్కటే రైతు కష్టం తీర్చదు, నిజమే. కానీ బాగా పులియబెట్టి ఎండబెట్టిన గింజకు మంచి ధర పెట్టే కొనుగోలుదారు ఊళ్లోనే పుట్టాలంటే, ఆ గింజతో ఏం చేయవచ్చో తెలిసిన చేతులు ఊళ్లో ఉండాలి. అమలాపురంలో ఒక చల్లని గది, ఒక థర్మామీటరు, నాలుగు అచ్చులు, నేర్పే మనిషి ఉంటే మొదలుపెట్టవచ్చు. తొలి పాఠానికి నిలువెత్తు విగ్రహం అక్కర్లేదు, జానెడు చిలక చాలు.