రక్షణ: ఒక క్షణమా, ఒక జీవితమా?

శ్రోతలారా, "మీరు రక్షణ పొందిన తేదీ ఏది?" అని సంఘాల్లో అడగడం వినే ఉంటారు. చెప్పలేనివారు చిన్నబోతారు.

మదరాసులో 1941లో యెహోవా షమ్మా సహవాసాన్ని ఆరంభించిన భక్త సింగ్ గారినే చూడండి. సిక్కు కుటుంబంలో పుట్టారు. విద్యార్థిగా బైబిలు చింపి, అందమైన అట్ట మాత్రం దాచుకున్నారట! 1928లో ఓడలో జరిగిన ఆరాధనలో మర్యాదకోసం మోకరిస్తే, లోపల ఏదో కదిలింది. 1929లో కెనడాలో కొత్త నిబంధన చదువుతూ క్రీస్తును అంగీకరించారు. బాప్తిస్మం 1932లో. ఆయన 1929నే చెప్పుకునేవారు. సరే, మరి ఆ ఓడ సంగతి?

పౌలు కూడా ఎఫెసీయులతో మీరు రక్షింపబడ్డారంటాడు; ఫిలిప్పీయులతో ఆ రక్షణను కొనసాగించుకోమంటాడు. నా మట్టుకు, ఈ రెండో మాట మనం తక్కువగా వింటున్నాం. చిన్ననాటి నుంచి సండేస్కూలులో పెరిగినవారిని తేదీ అడిగి నిలదీయడం న్యాయం కాదు.