రివర్స్‌లో డయోడ్.. ‘కరెంట్ పోదు’ అంటే సగం జవాబే!

సైదాబాద్‌లో ఉంటూ ఎలక్ట్రానిక్స్ కోర్ జాబ్‌కు ప్రిపేరవుతున్నారా? కంచన్‌బాగ్‌లో బీడీఎల్, డీఆర్‌డీఎల్, చాంద్రాయణగుట్టలో డీఎల్‌ఆర్‌ఎల్ మీకు దగ్గరే. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ కూడా మన నగరంలోనే ఉంది. వీటి మీద గురిపెట్టేవాళ్లు తేలిగ్గా తీసుకోకూడని ప్రశ్న ఒకటుంది. ‘డయోడ్‌కు రివర్స్ బయాస్ ఇస్తే ఏమవుతుంది?’

‘కరెంట్ పోదు సర్’ అని ఆగిపోకండి. డిప్లీషన్ పొర వెడల్పవుతుంది. మెజారిటీ క్యారియర్లు ఆగిపోతాయి. మైనారిటీ క్యారియర్ల వల్ల కొద్దిపాటి లీకేజీ కరెంట్ మాత్రం పారుతూనే ఉంటుంది. 1ఎన్4007 డేటాషీట్ చూడండి: 25 డిగ్రీల సెల్సియస్ వద్ద గరిష్ఠంగా 5 మైక్రో ఆంపియర్లు, 100 డిగ్రీల వద్ద 50. అంటే వేడి పెరిగితే లీకేజీ పెరుగుతుంది.

వోల్టేజీ ఇంకా పెంచితే బ్రేక్‌డౌన్. సిలికాన్‌లో సుమారు 5 వోల్టుల లోపు జీనర్, 6 వోల్టులు దాటితే అవలాంచి ప్రభావం ఎక్కువ. ‘బ్రేక్‌డౌన్ అయితే డయోడ్ పోయినట్టేనా?’ అంటే తడబడొద్దు. దాన్ని చంపేది బ్రేక్‌డౌన్ కాదు, హద్దులేని కరెంట్ పుట్టించే వేడి. అందుకే జీనర్‌కు సిరీస్‌లో రెసిస్టర్ పెడతాం.

ఇప్పుడు లెక్క. 230 వోల్టుల ఏసీకి పీక్ దాదాపు 325 వోల్టులు. హాఫ్‌వేవ్ రెక్టిఫైయర్‌కు కెపాసిటర్ ఫిల్టర్ ఉంటే డయోడ్‌పై రివర్స్‌లో దానికి రెట్టింపు, అంటే 650 వోల్టుల దాకా పడుతుంది. కాబట్టి 400 వోల్టుల 1ఎన్4004 నిలబడదు. 1000 వోల్టుల 1ఎన్4007 కావాలి. 325 దగ్గరే ఆగినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

చదివింది చేతికి రావాలంటే ఓ సాయంత్రం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. 5.1 వోల్టుల, 1 వాట్ జీనర్, 220 ఓమ్‌ల రెసిస్టర్, 9 వోల్టుల బ్యాటరీ తెచ్చుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి రెసిస్టర్ మీదుగా జీనర్ గీత ఉన్న కొసకు, రెండో కొసను మైనస్‌కు కలపండి. మల్టీమీటర్‌లో జీనర్ మీద 5 వోల్టుల అటూఇటూగా కనిపిస్తుంది. తిప్పి పెట్టండి, 0.7 దగ్గరకు పడిపోతుంది. రెసిస్టర్ మాత్రం తీసేయొద్దు. ఇంట్లో 230 వోల్టుల జోలికి అసలే పోవద్దు.

ఆ రెండు రీడింగులు మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే బట్టీ పట్టింది గుర్తుచేసుకునే పని ఉండదు. చూసింది చూసినట్టు చెబితే చాలు.