సీ.ఎన్.సీ. లేత్‌పై కీవేలు, స్ప్లైన్ల కోత

షాఫ్టుపై బిగించిన పళ్ళచక్రం జారిపోకుండా దానితోపాటే తిరగడానికి షాఫ్టుపైనా, చక్రపు రంధ్రంలోనూ నిలువుగా కోసే గాడిని కీవే అంటారు. ఈ రెండు గాడుల్లో ఇమిడే ఉక్కు బద్ద పేరు కీ. విడిగా కీ లేకుండా, షాఫ్టు చుట్టూ సమాన దూరంలో ఉండే గట్లే బలాన్ని మోసే అమరికలో ఆ గట్లను స్ప్లైన్లు అంటారు. వీటిని కంప్యూటరు నియంత్రణలో పనిచేసే లేత్ మీద కూడా కోయవచ్చు.

== ఉపయోగం ==
ఖమ్మం జిల్లాలోని పెనుబల్లి వంటి వరి పండించే ప్రాంతాల్లో దమ్ము చేసే ట్రాక్టర్లు స్ప్లైన్లకు తెలిసిన ఉదాహరణ. రోటవేటరును తిప్పే పీటీఓ షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. సుమారు 35 మి.మీ. వ్యాసం గల ఈ షాఫ్టుకు 6 స్ప్లైన్లు ఉంటాయి. 1000 చుట్ల రకంలో అదే వ్యాసానికి 21 ఉంటాయి. స్ప్లైన్ల మధ్య కోణాలు సమానంగా లేకపోతే బరువంతా ఒకటి రెండు గట్లపైనే పడి, అవి త్వరగా అరిగిపోతాయి.

== పద్ధతులు ==
లేత్‌పై వస్తువు తిరుగుతుంది, టూల్ కదులుతుంది. అందుచేత గుండ్రని ఆకారాలే సహజంగా వస్తాయి. గాడి కోయాలంటే స్పిండిలును కావలసిన కోణంలో ఆపి, కదలకుండా బిగించాలి.

* '''మిల్లింగు:''' టరెట్‌పై తిరిగే టూల్ ఉన్న యంత్రాల్లో ఎండ్ మిల్‌తో షాఫ్టు పైభాగాన కీవే కోస్తారు.
* '''స్లాటింగు:''' గాడి వెడల్పు గల టూల్‌ను రంధ్రంలోకి నెట్టి, ప్రతిసారీ పలుచని పొరను తీస్తారు. వెనుకకు వచ్చేటప్పుడు టూల్ అంచు రాసుకోకుండా దానిని కేంద్రం వైపు జరుపుతారు.
* '''స్లాటింగు పరికరం:''' టరెట్‌లోని తిరిగే చలనాన్ని ముందువెనుకల చలనంగా మార్చే ప్రత్యేక పరికరం.

== ఒక ఉదాహరణ ==
భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2048 సమాంతర కీలు, కీవేల కొలతలను నిర్దేశిస్తుంది. 22 నుండి 30 మి.మీ. మధ్య వ్యాసం గల షాఫ్టుకు 8 మి.మీ. వెడల్పు, 7 మి.మీ. ఎత్తు గల కీ వాడతారు. షాఫ్టులో 4 మి.మీ., రంధ్రంలో 3.3 మి.మీ. లోతు ఉండాలి. ఒక్కో కోతకు 0.05 మి.మీ. చొప్పున తీస్తే రంధ్రంలోని గాడికి 66 కోతలు పడతాయి. చాలా లేత్‌లలో ఎక్స్ అక్షాన్ని వ్యాసంగా లెక్కిస్తారు కనుక, ప్రోగ్రాములో ప్రతి కోతకు 0.10 మి.మీ. చొప్పున పెంచాలి. లేకపోతే గాడి సగం లోతే వస్తుంది.

స్ప్లైన్లకు ఒక గాడి పూర్తయ్యాక స్పిండిలును తరువాతి కోణానికి తిప్పుతారు. ఆరింటికి ఇది 60 డిగ్రీలు. 21 స్ప్లైన్లకు 17.14 డిగ్రీలు అని కుదించి కలుపుకుంటూ పోతే, చుట్టు పూర్తయ్యేసరికి 0.06 డిగ్రీల తేడా మిగులుతుంది. అందుచేత ప్రతి కోణాన్నీ సున్నా నుండే లెక్కించడం మంచిది.

== జాగ్రత్తలు ==
* టూల్ అంచు మధ్యభాగం స్పిండిలు కేంద్రరేఖకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. లేకపోతే గాడి ఒక పక్కకు జరుగుతుంది.
* అవతలి వైపు మూసి ఉన్న రంధ్రమైతే, తురుము తెగిపోవడానికి గాడి చివర ముందుగానే ఒక వలయాకారపు సందు తీయాలి.
* పొడవైన టూల్ కొద్దిగా వంగుతుంది. అందువలన చివర లోతు పెంచకుండా మరి రెండు మూడు కోతలు నడుపుతారు.

== లాభాలు, పరిమితులు ==
వస్తువును చక్ నుండి విప్పకుండానే గాడి కూడా పూర్తవుతుంది. కాబట్టి రంధ్రానికీ గాడికీ మధ్య అమరిక చెడదు, మరో యంత్రానికి మార్చే సమయమూ మిగులుతుంది. అయితే స్లాటింగులో ప్రతి కోత తాకిడీ టరెట్, బాల్ స్క్రూ, బేరింగులపై పడుతుంది. స్పిండిలు బ్రేకు బలహీనంగా ఉంటే కోణం కూడా తప్పుతుంది. కనుక ఈ పద్ధతి కొద్దిపాటి సంఖ్యలో చేసే భాగాలకు, మరమ్మతు పనులకు తగినది. వేల సంఖ్యలో కావలసినప్పుడు లోపలి గాడులకు బ్రోచింగు యంత్రాన్ని, బయటి స్ప్లైన్లకు హాబింగు లేదా రోలింగును వాడతారు.

== శిక్షణ ==
1968లో హైదరాబాదులోని బాలానగర్‌లో ఏర్పడిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, టూల్ రూపకల్పనలోనూ సీ.ఎన్.సీ. యంత్రాలపైనా శిక్షణ ఇస్తుంది.

== ఇవి కూడా చూడండి ==
* లేత్ యంత్రం
* పళ్ళచక్రం
* ట్రాక్టరు