మోపెడ్ మొండికేస్తే ముందు ప్లగ్గు చూడండి

తెల్లవారుజామున పాలక్యాన్లు తగిలించుకుని బయలుదేరే వేళకు బండి స్టార్టు కాదు. తొక్కీ తొక్కీ కాళ్లు పీకుతాయి. ఈలోగా పాలకేంద్రం మూసేస్తే ఆ పూట పాలు తోడుకే. టీవీఎస్ 50, లూనా, పాత బజాజ్ చేతక్ వంటి రెండు స్ట్రోకుల బండ్లు ఉన్న రైతులకు ఇది తెలిసిన బాధే. ఇలాంటప్పుడు చాలామంది మొదట కార్బురేటరు విప్పుతారు. దాంతో లాభం లేక మెకానిక్ దగ్గరకు తోసుకుపోతే ప్లగ్గు, కాయిలు, కండెన్సరు అన్నీ ఒకేసారి మార్చాల్సి వస్తుంది. జబ్బు ఒకచోట, మందు నాలుగు చోట్ల అన్నమాట. ఒక వరసలో చూసుకుంటే లోపం ఎక్కడుందో రైతే తెలుసుకోవచ్చు. ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, పొడి గుడ్డ, పనిచేసే ప్లగ్గు ఒకటి దగ్గరుంటే చాలు.

కరెంటు వచ్చే దారి

ఈ పాత బండ్లలో ఇంజనుకు కావలసిన కరెంటు బ్యాటరీ నుంచి రాదు. తొక్కినప్పుడు అయస్కాంతాలున్న ఫ్లైవీలు తిరిగి మాగ్నెటోలో కరెంటు పుడుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో అది కాయిలులో హెచ్చు ఓల్టేజీగా మారి, లావు వైరు గుండా ప్లగ్గుకు చేరి నిప్పురవ్వ అవుతుంది. కాబట్టి లైటు మసకగా ఉందనో, హారను మోగలేదనో ఇంజనును అనుమానించనక్కరలేదు. ఈ దారిలో ఎక్కడ తెగిందన్నదే చూడాలి.

ప్లగ్గు ఏం చెబుతుంది?

ట్యాంకులో పెట్రోలు, తెరిచిన ట్యాపు, ఆన్‌లో ఉన్న స్విచ్చి - ఈ మూడూ సరిచూశాక ప్లగ్గు విప్పాలి. కొన లేత ఇటుక రంగులో ఉంటే ఇంజను బాగా మండుతున్నట్టు. తడిసి పెట్రోలు వాసన వస్తుంటే పెట్రోలు అందుతోంది, మండడం లేదు. ఎంత తొక్కినా పొడిగానే ఉంటే పెట్రోలే రావడం లేదు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలు ఎక్కువ కలిపారనో, ప్లగ్గు సరిగా కాలడం లేదనో అనుకోవాలి. ఒక్కోసారి రెండు కొనల మధ్య వెంట్రుకంత మసి అడ్డుపడి వంతెనలా నిలుస్తుంది. రవ్వ దూకాల్సిన చోట దారి దొరికి కరెంటు అటే పోతుంది. దాన్ని గీకి తీసేస్తే బండి వెంటనే అందుకోవచ్చు. కొనల మధ్య ఖాళీ సాధారణంగా 0.6 మిల్లీమీటర్లు ఉండాలి.

రవ్వ పరీక్ష - జాగ్రత్త సుమా!

విప్పిన ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. దాని పక్కనే రవ్వ పుట్టిస్తే మంట అంటుకుంటుంది. అందుకని పాత ప్లగ్గును మళ్లీ బిగించి రంధ్రం మూసేయాలి. మంచి ప్లగ్గును క్యాపుకు తగిలించి, దాని ఇనుప భాగం ఇంజను రెక్కలకు ఆనేలా పెట్టాలి. కారిన పెట్రోలు తుడిచేయాలి. దగ్గర్లో బీడీ, దీపం ఉండకూడదు. నీడలో ఒకరు ప్లగ్గు చూస్తుంటే మరొకరు తొక్కాలి. ప్లగ్గును వట్టి చేత్తో పట్టుకుంటే షాకు గట్టిగా కొడుతుంది.

టపటపమని నీలంగా రవ్వ దూకితే కరెంటు దారి బాగున్నట్టే. ఆ ప్లగ్గునే ఇంజనులో బిగించి తొక్కండి. స్టార్టయితే లోపం పాత ప్లగ్గుదే. కాకపోతే పెట్రోలు వైపు వెతకాలి. నెలల తరబడి వాడని బండిలో పెట్రోలు పాతబడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది; అది తేమను పీల్చుకుంటుంది కనుక పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయడం మేలు.

రవ్వ రాకపోతే

మొదట క్యాపు. వానకు తడిసినా, లోపల చిలుమెక్కినా రవ్వ రాదు. తీసి ఆరబెట్టి, వైరు కొన పావు అంగుళం కత్తిరించి కొత్తగా బిగించాలి.

రెండోది స్విచ్చి వైరు. ఈ బండ్లలో స్విచ్చి ఆపితే కరెంటు ఆగదు, బాడీలోకి దిగిపోతుంది. కాబట్టి ధాన్యం బస్తాల పక్కన నిలిపిన బండిలో ఎలుకలు ఈ వైరు కొరికి అది చాసిస్‌కు తగిలినా స్విచ్చి ఆపినట్టే లెక్క. మాగ్నెటో నుంచి స్విచ్చికి పోయే ఆ వైరును విడదీసి మళ్లీ పరీక్షించండి. రవ్వ వస్తే తప్పు స్విచ్చిదో, వైరుదో. కాయిలు జోలికి పోనక్కరలేదు. అయితే వైరు విడదీసి ఉన్నంతసేపు స్విచ్చితో ఇంజను ఆగదని గుర్తుంచుకోవాలి.

మూడోది పాయింట్లు. ఫ్లైవీలు కంత గుండా చూస్తే కనిపిస్తాయి. జిడ్డుంటే పొడి గుడ్డతోనో, శుభ్రమైన కాగితం మధ్యలో లాగో తుడవాలి. గుంటలు పడితే సన్నటి ఎమిరీ కాగితంతో మెల్లగా రుద్ది తుడవాలి. పూర్తిగా విడిపోయినప్పుడు ఖాళీ 0.4 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉండాలి. ఫీలర్ గేజితో చూడాలి. తుడిచినా మళ్లీ మళ్లీ జిడ్డు చేరుతుంటే క్రాంకు ఆయిలు సీలు కారుతోందని అర్థం.

నాలుగోది కండెన్సరు. పాయింట్ల దగ్గర పెద్ద మెరుపు, ప్లగ్గు దగ్గర నీరసమైన రవ్వ ఉంటే, పాయింట్లు త్వరత్వరగా కాలిపోతుంటే దీన్నే అనుమానించాలి. చివరగా కాయిలు. ఇది అన్నిటికంటే ఖరీదు, అన్నిటికంటే తక్కువగా చెడేదీ ఇదే. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ అందుకునే బండిలో కండెన్సరునో, కాయిలునో చూడాలి.

పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ బండ్లలో క్యాపు, స్విచ్చి వైరు వరకే మనం చూడగలం. మిగతాది మెకానిక్‌కే వదలాలి. వాటిని ప్లగ్గు ఇనుముకు ఆనకుండా తొక్కితే లోపలి భాగాలు కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇది మనపని కాదు

ఫ్లైవీలు విప్పడానికి పుల్లరు కావాలి. సుత్తితో కొడితే క్రాంకు వంగుతుంది, ఫ్లైవీలు చెడుతుంది. రవ్వ బాగానే ఉన్నా తొక్కితే పెడలు వెనక్కి తన్నడం, సైలెన్సరులో పేలడం జరిగితే ఫ్లైవీలు కీ అరిగి టైమింగు తప్పి ఉండవచ్చు. మెకానిక్‌కు చూపించండి. వెళ్లినప్పుడు "స్టార్టవడం లేదు" అని ఊరుకోకుండా "మంచి ప్లగ్గుతో చూశాను, రవ్వ లేదు, స్విచ్చి వైరు విడదీసినా రాలేదు" అని చెప్పండి. పని త్వరగా తెమిలుతుంది, అక్కరలేని సామాను ఖర్చు తప్పుతుంది.

రెండు స్ట్రోకుల ఆయిలు కంపెనీ చెప్పిన కొలతకే కలపాలి. ఎక్కువ పోస్తే ఇంజనుకు మంచిదనుకోవడం పొరపాటు, మసి కట్టి ప్లగ్గు చెడుతుంది. పనిచేసే పాత ప్లగ్గు ఒకటి గుడ్డలో చుట్టి పానాతోపాటు బండిలోనే ఉంచుకుంటే వేకువ పాలకూ, సంతకూ ఆటంకం ఉండదు.